మతిమరుపు మందును ఎవరి మీద పరీక్షించారు? ఆ లెక్కలో మన అవ్వాతాతలు ఉన్నారా?



మన గ్రూపులో ఎక్కువగా భూమి పట్టాలు, కుల సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పులు, మన పెద్దల పోరాటాల గురించి రాసుకుంటాం. ఈసారి తిరుపతి హాస్టల్లో ఉండే మేం కొందరం కలిసి ఒక రోగం చరిత్ర రాస్తున్నాం. రోగం చరిత్రతో మనకేం పని అనుకోవద్దు. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు అనేది ఇందులో కూడా ఉంది. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

డిమెన్షియా అంటే మామూలు మతిమరుపు ముదిరిపోవడం అని చాలామంది అనుకుంటారు. అది మెదడుకు వచ్చే జబ్బు. మొదట నిన్న జరిగింది మర్చిపోతారు. తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత బిడ్డల పేర్లు. చివరికి అన్నం తినడం కూడా ఒకరు చూసుకోవాల్సి వస్తుంది. ఇందులో ఎక్కువమందికి వచ్చే రకాన్ని అల్జీమర్స్ అంటారు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో, పట్నాల కన్నా పల్లెల్లో ఎక్కువని కూడా అందులోనే ఉంది. ఆడవాళ్ళు, పల్లెవాళ్ళు, చదువు లేనివాళ్ళు అంటే ఎవరు? మన అవ్వలే కదా.

మరి ఈ జబ్బుకు వచ్చిన మందులను ఎవరి మీద పరీక్షించారు? మందు ఎలాంటివాళ్ళ మీద పరీక్షిస్తే అలాంటివాళ్ళ సంగతే గట్టిగా తెలుస్తుంది. మిగిలినవాళ్ళకు అది ఎంత పనిచేస్తుందో, ఎంత హాని చేస్తుందో అనేది అంచనా మాత్రమే. ఈ పోస్టులో చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

మొదటి రోగి

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి అగస్టె డేటర్ అనే ఆవిడను తీసుకొచ్చారు. వయసు 51. అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఆమెను రోజూ ప్రశ్నలడిగి జవాబులు రాసిపెట్టుకున్నాడు. పేరు రాయమని కాగితం ఇచ్చాడు. ఆమె మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరీక్షించి, చూసిందంతా ట్యూబింగెన్‌లో జరిగిన సభలో చెప్పాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ అనే పెద్ద డాక్టరు తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు.

ఇందులో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఆమె వయసు. ఈ జబ్బు ఎక్కువగా 70, 80 ఏళ్ళవాళ్ళకు వస్తుంది, కానీ పుస్తకాలకెక్కిన మొదటి రోగికి 51. రెండు, ఆమెకు రాయడం వచ్చు. అందుకే రాయలేకపోవడం జబ్బుకు గుర్తయింది. పుట్టినప్పటి నుంచి పలక పట్టని మనిషి అయితే ఆ కాగితం మీద ఏం తెలిసేది?

అదే కాలంలో మన పెద్దల దగ్గరికి కూడా ప్రభుత్వం కాగితం పట్టుకొని వచ్చింది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద, రిజిస్టర్లోకి ఎక్కించిన తెగల మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చారు. మద్రాసు రాష్ట్రంలో మన ఎరుకల కుటుంబాలు ఎన్నో ఆ రిజిస్టర్లలోకి ఎక్కాయి. 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయ్యింది. అక్కడ చదువున్న ఆడమనిషి సంతకం ఒక జబ్బుకు గుర్తయితే, ఇక్కడ మన తాతల వేలిముద్ర నేరానికి గుర్తయ్యింది. ఈ వేలిముద్ర మాట కింద మళ్ళీ వస్తుంది.

30 మార్కుల పరీక్ష

1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ అనే ఇంకో డాక్టరు కలిసి ఒక చిన్న పరీక్ష తయారుచేశారు. పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. మొత్తం 30 మార్కులు. ఈరోజు తేదీ ఎంత, ఇది ఏ నెల, మూడు మాటలు చెప్తాను గుర్తుపెట్టుకో, 100లోంచి 7 తీసేస్తూ పో, ఈ వాక్యం చదివి అందులో చెప్పినట్టు చెయ్యి, నువ్వే ఒక వాక్యం రాయి, ఈ ఐదు మూలల బొమ్మలు రెండూ చూసి గియ్యి. పది నిమిషాల పని. అందుకే ప్రపంచమంతా వాడారు. మందుల పరీక్షలకు మనుషులను ఏరేటప్పుడు ఇందులో ఎన్ని మార్కులొచ్చాయని చూడడం మామూలైపోయింది.

ఈ ప్రశ్నల్లో సగం బడిలో కూర్చున్నవాళ్ళకే వస్తాయి. మా కాలనీ నుంచి ఒక అవ్వను పెద్దాసుపత్రికి తీసుకుపోయినప్పుడు ఇది ఏ నెల అని అడిగారు. చింతకాయ రాల్చే నెల అని చెప్పింది. అప్పుడు నిజంగానే చెట్ల కింద చింతకాయ ఏరుతున్నారు. కానీ కాగితంలో ఆ జవాబుకు గడి లేదు, సున్నా పడింది. బొమ్మ గియ్యమంటే పెన్ను ఎట్లా పట్టుకోవాలని మమ్మల్ని చూసింది. దానికీ సున్నా. ఆమెకు జబ్బు ఉందా లేదా అనేది ఆ మార్కులతో తేలలేదు. ఆమెను బడికి పంపలేదని మాత్రం తేలింది.

బడికి ఎందుకు పోలేదో లెక్కలు చెప్తాయి. 1961 జనాభా లెక్కల్లో దేశంలో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 8.5 శాతం. ఇప్పుడు 75 ఏళ్ళున్న అవ్వ అప్పటికి పదేళ్ళ పిల్ల. 2011లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల అక్షరాస్యత 49 శాతమే. యానాది, ఎరుకల, సుగాలి, ఏ ఇంట్లో చూసినా మనమే మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. మనకు ముందు తరం ఈ పరీక్ష రాయాలంటే ఎట్లా?

ఈ లోపం కొందరు డాక్టర్లకు ముందే అర్థమయ్యింది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మన దేశం, అమెరికా పరిశోధకులు కలిసి పనిచేసి, చదవడం రాయడం రానివాళ్ళకు సరిపోయేలా ప్రశ్నలు మార్చారు. 1995లో హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అని అచ్చువేశారు. కొలబద్ద మనిషికి తగ్గట్టు మార్చొచ్చని అది చూపించింది.

వేలూరు పల్లెల్లో రెండు కొలతలు

ఇంకో సంగతి మనకు చాలా దగ్గర్లో జరిగింది. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంట, గంటన్నరలో వేలూరు. పెద్ద జబ్బొస్తే మన జిల్లావాళ్ళు పరిగెత్తేది అక్కడి సీఎంసీకే.

1998లో 10/66 అనే పరిశోధక బృందం మొదలైంది. ఆ పేరులోనే బాధ ఉంది. డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం మంది పేద, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఉన్నారు. జనం మధ్యకు పోయి చేసిన పరిశోధనల్లో మాత్రం 10 శాతం కూడా అక్కడ జరగలేదు. ఈ బృందం చెన్నై నగరంలోనూ, వేలూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ ముసలివాళ్ళను ఇంటింటికీ పోయి పరీక్షించింది. ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోని పాత కొలతతో చూస్తే మన దేశపు పల్లెల్లో డిమెన్షియా 0.3 శాతమే. 10/66 వాళ్ళు పేద దేశాలకు, చదువు లేనివాళ్ళకు తగ్గట్టు తయారుచేసిన కొలతతో చూస్తే అదే పల్లెల్లో దాదాపు పది శాతం. మనుషులు వాళ్ళే, ఊళ్ళు అవే. కొలత మారితే లెక్క ఇంత మారింది.

ఎందుకిట్లా? పాత కొలతలో జబ్బు ఉందని రాయాలంటే మతిమరుపు వల్ల రోజువారీ పనులు చెడిపోతున్నాయని ఇంట్లోవాళ్ళు చెప్పాలి. మన ఇళ్ళల్లో ఏమంటారు? "పెద్దతనం కదా, అంతేలే" అంటారు. కోడలు వండి పెడుతుంది, మనవడు చెయ్యి పట్టుకొని నడిపిస్తాడు. అవ్వకు బ్యాంకు పనులు లేవు, లెక్కలు చూసే పని లేదు. కాబట్టి పనులు చెడిపోయాయని ఎవరూ చెప్పరు. ప్రేమగా చూసుకోవడం వల్లే జబ్బు కంటికి కనపడకుండా పోతుంది. లెక్కలోకి రానివాళ్ళు ఆసుపత్రికీ పోరు. ఆసుపత్రికి పోనివాళ్ళను మందుల పరీక్షకు ఎవరు పిలుస్తారు?

మందుల పరీక్షల్లో జల్లెడ

1993లో అమెరికాలో టాక్రిన్ అనే మొదటి మందుకు అనుమతి వచ్చింది. 1996లో డోనెపెజిల్ వచ్చింది, ఇప్పటికీ మన మందుల షాపుల్లో దొరికేది ఇదే. డోనెపెజిల్ పరీక్షల్లోకి 30 మార్కుల పరీక్షలో 10 నుంచి 26 మధ్య వచ్చినవాళ్ళను తీసుకున్నారు. వాళ్ళతో పాటు ప్రతిసారీ ఆసుపత్రికి రావడానికి ఇంటిమనిషి ఒకరుండాలి. ఇతర పెద్ద జబ్బులు ఉండకూడదు.

2004లో అమెరికాలో మొదలైన ఏడీఎన్ఐ అనే పెద్ద అధ్యయనం తర్వాతి మందుల పరీక్షలకు దారి వేసింది. అందులో చేరాలంటే కనీసం ఆరో తరగతి చదివి ఉండాలి, లేదా దానికి సమానమైన ఉద్యోగ అనుభవం ఉండాలి. చేరినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు, బాగా చదువుకున్నవాళ్ళు.

2021 జూన్‌లో అడుకానుమాబ్ అనే కొత్త మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్ద గొడవ జరిగింది. దాని రెండు పెద్ద పరీక్షల్లో మూడు వేలకు పైగా మనుషులుంటే నల్లజాతివాళ్ళు ఒక్క శాతం కూడా లేరు. అమెరికాలో ముసలివాళ్ళ ప్రభుత్వ బీమా రికార్డులు తీసి చూస్తే, అల్జీమర్స్ ఉన్న మామూలు రోగుల్లో పదికి ఎనిమిది మందికి పైగా ఆ పరీక్షల్లో చేరడానికి పనికిరారని అదే ఏడాది తేలింది. వయసు 85 దాటింది, గుండెజబ్బు ఉంది, రక్తం పలచబడే మందు వాడుతున్నారు, ఇట్లా ఏదో ఒక అడ్డం. 2024లో కంపెనీ ఆ మందునే ఆపేసింది.

తర్వాత లెకానెమాబ్ వచ్చింది. 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించారు. జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గిందని చెప్పారు. 2023 జూలైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఆ పరీక్షలో మందును రెండు వారాలకోసారి సెలైన్ లాగా ఎక్కించారు. మెదడులో వాపు, రక్తస్రావం వస్తున్నాయేమోనని మళ్ళీమళ్ళీ ఎంఆర్ఐ తీయాలి. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు తమ ప్రాంతంలో మెదడులో అల్జీమర్స్ గుర్తులుండి జబ్బు తొలిదశలో ఉన్న 237 మందిని తీసుకొని ఆ పరీక్ష షరతులన్నీ పెట్టి చూశారు. జల్లెడలో మిగిలింది 8 శాతం మందే.

ఇది అమెరికాలో, ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళ సంగతి. అదే జల్లెడ మన కాలనీలో పెట్టి చూడండి. రెండు వారాలకోసారి తోడు రావాలంటే ఇంట్లో ఒకరు కూలి పోగొట్టుకోవాలి. సూళ్ళూరుపేట దగ్గర కాలనీ నుంచో, కుప్పం పక్క తాండా నుంచో తిరుపతికి రావాలంటే ఆ రోజంతా పోయినట్టే. బీపీ, షుగరు ఉన్నాయని కూడా తెలియనివాళ్ళు ఎంతోమంది. ప్రశ్నలు తెలుగులో అడిగినా, ఇంట్లో ఎరుకల భాషో గోర్‌బోలో మాట్లాడే అవ్వకు అది రెండో భాష.

గిరిజనులను తీసుకోవద్దు అని ఏ పరీక్షలోనూ రాసి ఉండదు. ప్రతి షరతుకూ ఒక కారణం ఉంటుంది. వేరే జబ్బులున్నవాళ్ళను తీసుకుంటే మందు పనిచేసిందో లేదో తేల్చడం కష్టం, వాళ్ళ ప్రాణానికి కూడా ప్రమాదం. ఆ మాట నిజమే. కానీ షరతులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చితే మిగిలేది ఎవరు? చదువున్న, డబ్బున్న, పట్నంలో ఉన్న, మిగతా ఒంట్లో బాగున్న మనిషి. మందుకు అనుమతి వచ్చాక చీటీ మాత్రం అందరికీ రాస్తారు. అక్కడుంది చిక్కు.

మరి మనల్ని ఎప్పుడూ పిలవలేదా?

పిలిచారు. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి టీకా వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలు. మేం అప్పటికి అంగన్‌వాడీలో ఉన్నాం. ఆ పిల్లలు ఈరోజు మన అక్కల వయసు.

కొందరు పిల్లల మరణాల వార్తలు బయటికొచ్చాక, మహిళా సంఘాలు అడిగాక, 2010 ఏప్రిల్లో ప్రాజెక్టు ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ చెప్పలేదు. ఆ టీకా ఎన్నో దేశాల్లో వాడుతున్నదే, దాన్ని వద్దనడం మా ఉద్దేశం కాదు. మా బాధ అనుమతి గురించి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఆ లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అది క్లినికల్ ట్రయల్ కాదని పాత్ సంస్థ వాదించింది. పార్లమెంటు సంఘం ఒప్పుకోలేదు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలంతా ఒకే హాస్టల్లో దొరుకుతారు, అడిగే అమ్మానాన్న దూరంగా ఉంటారు, సంతకం పెట్టడానికి వార్డెన్ ఉన్నాడు. అక్కడ మనం వేలల్లో లెక్కకొచ్చాం. అదే ముసలివాళ్ళ జబ్బుకు మందు పరీక్షించాలంటే ఇంటింటికీ పోవాలి, భాష నేర్చుకోవాలి, కూలి డబ్బులు ఇవ్వాలి, ప్రశ్నలు మార్చాలి. అక్కడ మనం లేం. మనం సులువుగా దొరికేచోట మనల్ని లెక్కేశారు, మన కోసం కష్టపడాల్సిన చోట వదిలేశారు. 1911 రిజిస్టర్లో, 2009 అనుమతి పత్రంలో, రెండుచోట్లా వేలిముద్ర మనదే, దాని మీద నిర్ణయం వేరేవాళ్ళది.

చదువు లేనివాళ్ళను కలుపుకుంటే ఏమైంది?

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూశారు. 2013లో న్యూరాలజీ పత్రికలో రాశారు. ఒక భాషే మాట్లాడేవాళ్ళ కన్నా రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. భాష వల్ల కాదు, చదువు వల్లే ఆలస్యమైందేమో అని అంతకుముందు అనుమానం ఉండేది. నిమ్స్ వాళ్ళు చదువు రానివాళ్ళను విడిగా తీసుకొని చూస్తే వాళ్ళలోనూ ఆ తేడా కనపడింది.

ఇది మన తెగల మీద చేసిన పని కాదు, మందు పరీక్ష కూడా కాదు. నిమ్స్ దాకా రాగలిగినవాళ్ళ సంగతి మాత్రమే. అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. చదువు లేనివాళ్ళను కలుపుకోబట్టే ఆ అనుమానం తీరింది. మన ఇళ్ళల్లో ఒకే రోజులో ఇంటిభాష, తెలుగు, సరిహద్దు ఊళ్ళల్లో అరవం కూడా మాట్లాడే అవ్వలు ఎందరున్నారో మనకు తెలుసు. వాళ్ళను చేర్చుకుంటే అవ్వలకు మేలు జరుగుతుంది, శాస్త్రానికి కూడా కొత్తది తెలుస్తుంది.

మనం ఏం చేయగలం?

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి అనుమతి తీసుకోవాలి. చదువు రాకపోతే వాళ్ళకు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎవరైనా ఫారం పట్టుకొని మన కాలనీకి వస్తే ఆ సాక్షిగా కూర్చోగలిగేది మనమే. వచ్చినవాళ్ళను మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ మందు ఇప్పటిదాకా ఎలాంటివాళ్ళ మీద చూశారు? మా అవ్వ లాంటివాళ్ళు అందులో ఎంతమంది? ఆమెకు ఏమైనా అయితే ఎవరు చూసుకుంటారు?

నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్, సోషల్ వర్క్ చదివేవాళ్ళు మన గ్రూపులో ఉన్నారు. ప్రాజెక్టు పని వచ్చినప్పుడు మన తెగల ముసలివాళ్ళ గురించి అడిగి తీసుకోండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం మనం 3.8 శాతమే కాబట్టి ఎవరో వచ్చి వెతుక్కుంటారని ఎదురుచూడొద్దు. మనమే రాసిపెట్టాలి.

మొదటి పని చిన్నదే. మతి తప్పిన ముసలివాళ్ళను మీ ఇంటిభాషలో ఏమంటారు? వాళ్ళకు జబ్బు ముదిరిందని మీ ఊళ్ళో ఏ పనిని చూసి గుర్తుపడతారు? దారి తప్పడమా, పొయ్యి ఆర్పడం మర్చిపోవడమా, మేకలను గుర్తుపట్టకపోవడమా, పాట మధ్యలో ఆగిపోవడమా? నెలను మీ అవ్వలు ఏ పంటతో, ఏ కాయతో చెప్తారు? మీ తెగ పేరు, మండలం పేరు వేసి కామెంట్లో రాయండి. మనుషుల పేర్లు మాత్రం వద్దు. అన్నీ కలిపి ఒక జాబితా చేసి గ్రూపులో పెడతాం. రేపు ఎవరైనా డాక్టరు మన అవ్వలకు సరిపోయే ప్రశ్నలు తయారుచేద్దామని వస్తే చేతికివ్వడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

జోహార్.